పందొమ్మిదేళ్ల కుర్రాళ్ల మొదటి ఆల్బమ్: రివ్యూ పాటలకా, వయసుకా?

మేడమీదగది (విజయనగరం)

అందరికీ నమస్కారం. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మా తమ్ముడికి పందొమ్మిదేళ్లు, డ్రమ్స్ వాయిస్తాడు. ఇంజనీరింగ్‌లో పరిచయమైన ఇంకో ముగ్గురితో కలిసి ఏడాదిన్నర పాటు మా మేడమీద గదిలో ప్రాక్టీసు చేసి, పోయిన నెల ఆరు పాటలు ఆన్‌లైన్‌లో పెట్టారు. మొత్తం కలిపి పందొమ్మిది నిమిషాలు. పోస్ట్-హార్డ్‌కోర్, అదీ తెలుగులో. తెలియని వాళ్ల కోసం చెబుతున్నా, హార్డ్‌కోర్ పంక్ అనే దూకుడు రాక్ సంగీతంలో ఉండే కోపం, అరుపు అలాగే ఉంచుకుని, మొదటి నుంచి చివరిదాకా ఒకే దరువు మీద పరిగెత్తకుండా పాటని మధ్యలో ఆపేస్తారు, విరగ్గొడతారు, బాగా నెమ్మదించి మళ్లీ ఒక్కసారి మీద పడతారు. 1980లలో అమెరికాలో పుట్టింది, వాషింగ్టన్ కుర్రాళ్ల చెయ్యి అందులో చాలా ఉంది.

మా ఇల్లు గంట స్తంభానికి దగ్గర, ఇరుకు సందు. గోడలకి పాత బొంతలు మేకులు కొట్టి వేలాడదీశారు. ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతుందని ఆపేసి, మే నెలలో, తలుపులు మూసుకుని రికార్డు చేశారు. మావాడి స్నేర్ డ్రమ్ మీద చెమట చుక్కలు పడి ఎండి తెల్లటి మరకలు కట్టాయి, ఇప్పటికీ పోలేదు. మా అమ్మ మొదటి వారం "ఏటిరా ఈ గోల, పక్కింటోళ్లు ఏటనుకుంటారు" అని గొడవ పెట్టింది, తర్వాత తనే మజ్జిగ కలిపి పైకి పంపేది.

ఒక వెబ్‌సైట్ వాళ్లు దీని మీద రివ్యూ రాశారు. పేరు వద్దు. ఐదు పేరాలు. మొదటి పేరా మొత్తం వీళ్ల వయసు గురించి. రెండోది విజయనగరం లాంటి ఊరి నుంచి ఇలాంటి సంగీతమా అన్న ఆశ్చర్యం. మూడోది చదువుకుంటూ వాయిస్తున్నారని, నాలుగోది ఉత్తరాంధ్ర వెనకబడిన ప్రాంతమని. ఐదో పేరాలో "ఈ వయసుకి బాగానే ఉంది, ఇంకా పదును పెట్టుకోవాలి" అని ముగించారు. ఒక్క పాట పేరు లేదు, డ్రమ్స్ అన్న మాటే లేదు. మావాడు మెట్ల మీద కూర్చుని ఫోన్‌లో మూడుసార్లు చదివాడు. "అప్పా, బాలేదని రాసినా బాగుండేది, ఏది బాలేదో తెలిసేది" అన్నాడు. ఆ రాత్రి అన్నం తినలేదు.

వీళ్ల నలుగురికీ ప్రాణం ఐస్‌ఏజ్ అనే డెన్మార్క్ బ్యాండ్. వాళ్ల మొదటి ఆల్బమ్ న్యూ బ్రిగేడ్ 2011లో వచ్చింది, అప్పటికి వాళ్లదీ ఇంచుమించు ఇదే వయసు. దాన్ని విమర్శకులు నెత్తిన పెట్టుకున్నారని విని నేనూ పదిరోజులుగా వింటున్నాను. మొదట చెవికి గీరుకుపోయింది, నాలుగోసారికి కానీ పాటలు విడివిడిగా తెలియలేదు. ఇప్పుడు బాగా నచ్చింది, ఎందుకు నచ్చిందో మాత్రం చెప్పలేకపోతున్నాను. దాని గురించి రాసిన వాటిలో కూడా "ఇంత చిన్నపిల్లలు" అన్న మాటే పదేపదే కనబడింది.

నా ప్రశ్న ఇది. ఆ ఆల్బమ్‌ని ముప్ఫై ఏళ్ల వాళ్లు చేసి ఉంటే అంత మెచ్చుకునేవారా? మెచ్చుకున్నా, తిట్టినా, చిన్నవాళ్ల మొదటి రికార్డు గురించి రాసేటప్పుడు అసలు ఏం వినాలి? మావాళ్ల పాటల లింకు కింద పెట్టాను. పొగడమని అడగడం లేదు.

---

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

చెల్లెమ్మా, ముందు నీ ప్రశ్నకి సూటిగా జవాబు. మెచ్చుకునేవారు, కాకపోతే అంత తొందరగా వాళ్ల దాకా చేరేది కాదు.

2011లో నేను బెంగళూరులో ఉద్యోగంలో ఉన్నాను, ఆల్బమ్ డెన్మార్క్‌లో ఆ ఏడాది మొదట్లో వచ్చింది, కొన్ని నెలల తర్వాత వాట్స్ యువర్ రప్చర్ అనే చిన్న లేబుల్ (రికార్డు కంపెనీ) అమెరికాలో విడుదల చేసింది. పిచ్‌ఫోర్క్ అనే సంగీత వెబ్‌సైట్ వాళ్లు పదికి 8.4 ఇచ్చారు. అప్పట్లో వచ్చిన రాతల్లో సగం కోపెన్‌హాగన్ కుర్రాళ్లు, వాళ్ల వయసు, వాళ్ల కచేరీల్లో నెత్తురు కారుతున్న మొహాల ఫోటోలు, ఇవే. ఆ ఫోటోలు బ్యాండ్ వాళ్లే ఇంటర్నెట్‌లో పెట్టేవారు కాబట్టి రాసేవాళ్లకి పని సులువైపోయింది. నేను కూడా ఆ ఫోటోలు చూసే విన్నాను, దాచడం ఎందుకు.

కానీ వినడం మొదలుపెట్టాక ఫోటోలు గుర్తుండవు. పన్నెండు ట్రాకులు, అన్నీ కలిపి ఇరవైనాలుగు నిమిషాలు. అంటే సగటున పాటకి రెండు నిమిషాలు. అంతలోనే ఒక్కో పాటలో మూడు నాలుగు మలుపులుంటాయి. గిటార్లు రెండూ రేకు మీద గీసినట్టు గీస్తుంటాయి, ఇక దీని కింద పాటే లేదు అనుకునే సమయానికి ఒక్క బార్, అంటే ఒక్క తాళం చుట్టు పాటు అంతా ఆగిపోయి, సన్నగా ఒక రాగం ముక్క వినిపించి, మళ్లీ మీద పడిపోతుంది. ఆ రాగం ముక్క కోసమే నేను వెనక్కి వెళ్లి మళ్లీ పెట్టుకునేవాడిని. పాడేవాడు, ఎలియాస్ రోనెన్‌ఫెల్ట్, గొంతు చించుకుని అరిచే రకం కాదు, లోగొంతుతో ముద్దముద్దగా, నిద్రలోంచి లేచి కోపం తెచ్చుకున్నవాడిలా పాడతాడు. చుట్టూ అంత వేగం, మధ్యలో ఆ బద్ధకపు గొంతు, ఆ రెండింటికీ కుదరకపోవడమే ఆ రికార్డుకి ప్రాణం. చివరి పాట యు ఆర్ బ్లెస్డ్ దగ్గరికి వచ్చేసరికి కూనిరాగం తీయగలిగే ట్యూనే వినిపిస్తుంది. వరసలో దాన్ని ఆఖరికి పెట్టడం తెలివితేటలు, అక్కడిదాకా విన్నవాడికి అది బహుమతి.

వయసు చూసి మెచ్చుకున్నారా లేదా అనేది తరువాతి రికార్డులే తేల్చాయి. 2013లో మాటడార్ లేబుల్‌లో యు ఆర్ నథింగ్, 2014లో పియానో, ట్రంపెట్ లాంటివన్నీ తెచ్చి పెట్టుకున్న ప్లోయింగ్ ఇంటు ద ఫీల్డ్ ఆఫ్ లవ్. చిన్నపిల్లలు అనే ముచ్చట అప్పటికి పాతబడిపోయింది, అయినా రాసేవాళ్లు రాశారు, వినేవాళ్లు విన్నారు. పాటలో సరుకు లేకపోతే రెండో ఆల్బమ్‌కి ఎవరూ తలుపు తియ్యరు.

మీ తమ్ముడి పాటలు ఈ రాత్రి వింటాను. స్కూటర్ మీద ఫోన్ స్పీకర్లో వినేసి రాయడం నాకిష్టం లేదు.

---

రాత్రిప్యాసింజరు (ఆమదాలవలస)

గట్టు అన్న చెప్పిన దాంట్లో సగం ఒప్పుకుంటాను. "తరువాతి రికార్డులే తేల్చాయి" అన్నది మాత్రం ఒప్పుకోను. తరువాతి రికార్డు అనేది ఉండాలి కదా ముందు! ఈ సంగీతంలో గొప్పవి అనుకునే వాటిలో చాలా బ్యాండ్లు ఆ రోజుదాకా బతకలేదు.

స్లింట్ సంగతి చూడండి. కెంటకీ రాష్ట్రంలో లూయివిల్ అనే ఊరు, అందరూ ఇరవై ఏళ్ల అటూ ఇటూ కుర్రాళ్లు. 1991లో స్పైడర్‌లాండ్ వచ్చేసరికే బ్యాండ్ విడిపోయింది. అప్పుడు ఎవరికీ పెద్దగా పట్టలేదు. రికార్డింగ్ ఇంజనీరు స్టీవ్ అల్బీనీ మెలొడీ మేకర్ పత్రికలో దానికి పది స్టార్లు ఇచ్చి, పదేళ్ల తర్వాత దీని కోసం అందరూ వెతుక్కుంటారు అన్న అర్థం వచ్చేలా రాశాడు. అలాగే జరిగింది. అల్బీనీ వాళ్లకి కొత్తవాడు కాదు, 1989లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్ ట్వీజ్‌ని రికార్డు చేసింది ఆయనే. కాబట్టి ఆయన రాసింది వాళ్ల వాయిద్యం ఎలా మారిందో దగ్గరుండి చూసినవాడి మాట. అక్కా, మీ తమ్ముడికి కావాల్సింది అలాంటి మనిషి, వెబ్‌సైట్ కాదు.

స్వీడన్ బ్యాండ్ రిఫ్యూజ్డ్‌ది ఇంకో కథ. ఉత్తరాన ఉమెయో అనే ఊరివాళ్లు, రాజధానికి చాలా దూరం, మనకి హైదరాబాద్ ఎంత దూరమో అలా. ద షేప్ ఆఫ్ పంక్ టు కమ్ వాళ్ల మూడో ఆల్బమ్, 1998. ఆ ఏడాదే అమెరికా టూర్ మధ్యలో బ్యాండ్ ముక్కలైపోయింది. ఆఖరి కచేరీ వర్జీనియాలో ఒక ఇంటి కింది గదిలో, నాలుగు పాటలయ్యేసరికి పోలీసులొచ్చి ఆపించేశారు. ఇప్పుడు పోస్ట్-హార్డ్‌కోర్ గురించి ఎవరు మాట్లాడినా ఆ ఆల్బమ్ పేరు రాకుండా ఉండదు, 2012లో వాళ్లు మళ్లీ కలిసి వాయిస్తే జనం ఎగబడ్డారు. ఆ పద్నాలుగేళ్లూ ఆ నలుగురూ ఏ మాట విని నిద్రపోయి ఉంటారు అని నేను ఆలోచిస్తుంటాను.

నేను కూడా ఒకప్పుడు గిటార్ వాయించేవాడిని. మా బ్యాండ్‌ని ఒక కాలేజీ ఫెస్ట్‌లో రెండు పాటలకే దింపేశారు, సినిమా పాటలు వాయించమని. దింపినందుకు కాదు నా బాధ. కిందికి దిగాక ఒక్కడంటే ఒక్కడు కూడా ఆ రెండు పాటల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు, అందరూ "పోనీలే గురూ" అన్నారు. ఆ "పోనీలే" నాకు ఇప్పటికీ గొంతులో ఉంది. అందుకే ఆ రివ్యూ చదివి మీ తమ్ముడు అన్నం మానేశాడంటే నాకు అర్థమవుతుంది.

వాషింగ్టన్ బ్యాండ్ ఫుగాజీ వాళ్లు ఏళ్ల తరబడి టికెట్ ఐదు డాలర్లు దాటకుండా, అన్ని వయసుల వాళ్లనీ రానిచ్చి వాయించారు. పత్రికల వాళ్లు ఏం రాసినా వాళ్లకి ఎదురుగా నిలబడి వినేవాళ్లుండేవారు. మీవాళ్లు ముందు ఒక పాతికమంది ఎదుట వాయించాలి. ఏ డాబా మీదైనా సరే. రివ్యూలు తర్వాత.

---

వంతపాట (విజయనగరం)

నమస్తే అండి. నాకు ఈ పోస్ట్-హార్డ్‌కోర్ అస్సలు తెలియదు. మన ఊరి సంగీత కళాశాలలో మృదంగం నేర్చుకున్నాను, ఇప్పుడు పిల్లలకి చెబుతున్నాను. మీ లింకు నొక్కి ఆరు పాటలూ హెడ్‌ఫోన్లో రెండుసార్లు విన్నాను, మూడోసారి చేత్తో తాళం వేసుకుంటూ విన్నాను. విన్నది విన్నట్టు రాస్తున్నాను, తప్పైతే క్షమించండి.

మొదట డ్రమ్స్. మీ తమ్ముడి చేతిలో బలం ఉంది, కుడి ఎడమ చేతులకి తేడా దాదాపు తెలియడం లేదు, ఆ వయసుకి అని కాదు, ఏ వయసుకైనా అది మంచి మాటే. రెండో పాటలో ఒక నిమిషం నలభై సెకన్ల దగ్గర అరుపు మొదలవుతుంది చూడండి, అక్కడ కాలప్రమాణం పెరిగిపోయింది. గిటార్ అబ్బాయిలిద్దరూ పాత నడకలోనే ఉన్నారు, ఇతను ముందుకి వెళ్లిపోయాడు, నాలుగు ఆవర్తాల తర్వాత కానీ మళ్లీ కలవలేదు. గొంతు పెరిగితే చెయ్యి పరిగెత్తడం మా దగ్గర కూడా మొదటి జబ్బు. కానీ ఐదో పాటలో కావాలనే తోసుకుంటూ వెళ్లాడు, అక్కడ నలుగురూ కలిసే తోశారు, నా ఒళ్లు జలదరించింది. రెండో పాటలోది తప్పు, ఐదో పాటలోది సంగీతం. ఈ రెండింటికీ తేడా అతనికి తెలుసో లేదో కనుక్కోండి.

రెండోది గొంతు. ఇది నన్ను రెండు రోజులు ఆలోచింపజేసింది. మన తెలుగు మాట అచ్చుతో ముగుస్తుంది కదండి. అరిచినప్పుడు "పోరా", "రాదు", "కాలిపోయింది" ఏదైనా సరే చివర అచ్చు సాగిపోతుంది, తోక మిగిలిపోతుంది. మీరు చెప్పిన ఆ డెన్మార్క్ వాళ్ల పాటలు కూడా కొన్ని విన్నాను, ఇంగ్లీషు మాటలు హల్లు దగ్గర ఠక్కున తెగిపోతాయి, డ్రమ్ ఎక్కడ ఆగితే మాటా అక్కడే ఆగుతుంది. మీవాళ్లు మొదటి నాలుగు పాటల్లో ఆ తెగడాన్ని తెలుగులో తేవాలని చివరి అచ్చుని మింగేశారు. అందుకే మాట అర్థం కావడం లేదు, గిటార్ కింద పడి నలిగిపోతోంది. మిక్సింగ్‌లో గొంతు తక్కువ పెట్టారని మీరు అనుకోవచ్చు, అది కూడా ఉంది, కానీ అసలు కారణం అది కాదని నా అభిప్రాయం. ద్విత్వాలున్న చోట చూడండి, "కొట్టు", "చచ్చి", "మట్టి", అక్కడ మాట మధ్యలోనే దెబ్బ ఉంది, అక్కడ మాత్రం గొంతు గిటార్‌ని చీల్చుకుని బయటికొచ్చింది. పాట రాసిన అబ్బాయికి ఈ సంగతి చెప్పండి, అతనికి పనికొస్తుంది.

ఆరో పాటలో అచ్చుని మింగకుండా వదిలేశారు. ఒకరు అరిస్తే ఆ సాగిన అచ్చు మీదే రెండో గొంతు అందుకుంది. అది వినగానే నాకు మా తాత గుర్తొచ్చారు. పాలకొండ వైపు పల్లెల్లో ఆయన జముకుల కథకి వంత పాడేవారు. జముకు ఎలా ఉంటుందో తెలియని పిల్లలుంటారని చెబుతున్నా, ఒకవైపు తోలు మూసిన డొల్ల, ఆ తోలు మధ్యలోంచి ఒక తీగ బయటికి వస్తుంది, దాన్ని లాగి పట్టుకుని మీటుతారు, లాగే కొద్దీ ఆ జుం అనే చప్పుడు పైకీ కిందికీ ఊగుతుంది. కథకుడు మాటని గట్టిగా విసిరేస్తాడు, చివరి అచ్చు గాల్లో ఉండగానే వంతలు అందుకుంటారు. ఆ తోక వృథా పోదు. శ్రీకాకుళం రైతాంగ పోరాటం రోజుల్లో సుబ్బారావు పాణిగ్రాహి గారు ఆ పద్ధతిలోనే ఊళ్ల మధ్య నిలబడి కోపాన్ని పాడారు, మైకు లేకుండా చివరి మనిషి దాకా వినబడాలి కాబట్టి. మీవాళ్లు ఆరో పాటలో తెలిసి చేశారో తెలియక చేశారో, దారి అదే అనిపించింది నాకు.

వయసు గురించి అడిగారు కాబట్టి ఒక్క సంగతి. మా కళాశాల 1919లో పెట్టినప్పుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు విద్యార్థిగా చేరదామని వచ్చారని, ఆయన వయొలిన్ విన్న అప్పటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు చేర్చుకోకుండా ఏకంగా పాఠం చెప్పమని కూర్చోబెట్టారని మా గురువులు చెప్పేవారు. అప్పటికి ద్వారం వారికి ఇరవై ఆరేళ్లు. దాసుగారు ముందు విన్నారు.

---

నాగావళిగట్టు (శ్రీకాకుళం)

వంతపాట గారూ, మీరు రాసింది చదివాక నేను రాద్దామనుకున్న రెండు పేరాలు కొట్టేశాను. అచ్చుల సంగతి నాకు ఇరవై ఏళ్లుగా తట్టలేదు. ఫుగాజీలో ఇయాన్ మెకాయ్, గీ పిచియోటో ఇద్దరూ అచ్చం అలాగే, ఒకరి అరుపు మీద ఇంకొకరు అందుకుంటారు, కాకపోతే వాళ్లకి మాట తెగిపోతుంది కాబట్టి ఆ ఖాళీలో అందుకోవాలి, మనకి సాగుతుంది కాబట్టి దాని మీద ఎక్కొచ్చు. ఇది మామూలు తేడా కాదు.

నేను చేర్చేది ఒక్కటే. మూడో పాటలో బేస్ గిటార్ అసలు వినబడటం లేదు. ఇయర్‌ఫోన్లో కాస్త ఉంది, స్పీకర్లో మాయం. న్యూ బ్రిగేడ్‌లో అన్ని గీతల కింద కూడా బేస్ నేలలా ఉంటుంది, అది తీసేస్తే ఆ గిటార్లు ఊరికే గోలే.

---

మేడమీదగది (విజయనగరం)

ఇప్పుడు రాత్రి పదకొండున్నర, పైన గదిలో లైటు వెలుగుతోంది.

వంతపాట గారి పోస్టు మావాడికి చూపించాను. ఏమీ మాట్లాడకుండా హెడ్‌ఫోన్ పెట్టుకుని రెండో పాట తీసి ఒక నిమిషం ముప్ఫై నుంచి విన్నాడు. మళ్లీ పెట్టాడు. మంచం పట్టీ మీద వేళ్లతో తాళం వేసుకుంటూ ఇంకోసారి విన్నాడు, నలభై దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగిపోయాయి. "నిజమే అప్పా, పరిగెత్తేశాను" అన్నాడు. ఐదో పాటలో కావాలనే చేశారట, దాని కోసం రెండు వారాలు వాదించుకున్నారట, ఎవరైనా గమనిస్తారా అని నలుగురూ ఎదురుచూశారట. ఆ ఒక్క వాక్యాన్ని స్క్రీన్‌షాట్ తీసి మిగతా ముగ్గురికీ పంపాడు. పాటలు రాసే అబ్బాయి వెంటనే ఫోన్ చేసి, "చచ్చి" అన్న మాట ఎందుకు బాగా పలికిందో ఇన్నాళ్లూ తెలియక మూడు పాటల్లో అదే వాడేశానని చెప్పాడట. ఆరో పాటలో జముకుల కథ సంగతి మాత్రం వాళ్లకి తెలియదు. వినలేదు కూడా. ఊపిరి చాలక ఒకడు ఆపితే రెండోవాడు అందుకున్నాడు, అంతే.

బేస్ గురించి గట్టు అన్నయ్య అన్నది నిజమేనట, బేస్ అబ్బాయికి యాంప్లిఫయర్ లేదు, నేరుగా కంప్యూటర్‌లో పెట్టి రికార్డు చేశారు. మళ్లీ చేస్తామన్నారు.

రాత్రిప్యాసింజరు గారూ, డాబా మా ఇంటిదే ఉంది. వర్షాలు తగ్గాక ఒక ఆదివారం సాయంత్రం అనుకుంటున్నారు. మీరు రావాలి, ఆ రెండు పాటల గురించి మావాళ్లకి చెప్పాలి, వీలైతే వాయించాలి.

వంతపాట గారూ, మావాడు అడగమన్నది ఇది. తాతగారి వంత ఎలా ఉండేదో మీకు గుర్తున్నంత వరకు పాడి ఫోన్‌లో రికార్డు చేసి పంపగలరా? జముకు లేకపోయినా పర్వాలేదట, గొంతు ఎక్కడ అందుకోవాలో తెలిస్తే చాలట.

---

వంతపాట (విజయనగరం)

పంపడం ఎందుకండి, నేను ఉండేది కోట దగ్గరే. రేపు క్లాసులయ్యాక ఆరింటికి వస్తాను. ఆ ఆరో పాటలో గొంతులు మాత్రం విడిగా, డ్రమ్స్ గిటార్ ఏమీ లేకుండా, తీసి ఉంచమనండి.